రెండు పట్టికలూ కలుపు

పాత గోదాము, కంప్యూటర్ గది
సోమవారం

వదినకు,

నువ్వు కొత్త గోదాముకు వెళ్లాక ఖాళీ అయిన నీ కుర్చీ నాకు ఎత్తు ఎక్కువైంది. కింద మీట తిప్పితే ఒక్కసారిగా దిగిపోయి గడ్డం బల్ల అంచుకు తగిలింది. అయినా సరే, ఎక్కి కూర్చున్నాను. లేబుళ్ల కౌంటర్లో మూడేళ్లు నిలబడ్డ కాళ్లకు ఇదే పదివేలు.

మేనేజరు గారు శనివారం పిలిచి చెప్పారు. "మీ వదిన నీ గురించి గట్టిగా చెప్పింది కాబట్టి చూస్తున్నానమ్మా. రెండు నెలల టైమిస్తున్నా. పాత గోదాములో, కొత్త గోదాములో ఉన్న మందులన్నీ ఒకే మోడల్లో కనపడాలి. కనపడితే ఈ ఉద్యోగం నీది, పర్మినెంటు. లేదంటే లేబుళ్లు ఎక్కడికీ పోవు." అంతే, మళ్లీ ఫైల్లో తల దూర్చేశారు. నాకు ఆ కౌంటరుకు తిరిగి వెళ్లాలని లేదు వదినా. డబ్బా తీసుకో, అంటించు, పక్కన పెట్టు. కలలో కూడా అదే చేస్తున్నాను, దిండు గలేబుకి లేబులు వేస్తున్నానని అన్నయ్య నవ్వుతున్నాడు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. పోయిన వారం ఫోన్లో మనం చేసిన నిర్వాకం గుర్తుందిగా. నువ్వొక మాట, నేను రెండు మాటలు, చివరికి ఎవరు ముందు పెట్టేశారో కూడా తేలలేదు. కాగితం మీదైతే నువ్వు మధ్యలో అడ్డం రాలేవు. మందుల లారీ వారానికి రెండుసార్లు ఎలాగూ అటూ ఇటూ తిరుగుతోంది. డ్రైవరు బాబాయి పట్టుకెళ్తానన్నాడు.

ఇక అసలు సంగతి. నీ మోడల్ తెరిచాను, ఏ పట్టికలోంచి ఏ లెక్క ఎటు పోతుందో నువ్వు గీసిన బొమ్మ. నూట పన్నెండు పెట్టెలు, వాటి మధ్య గీతలు. కింద నుంచి పైకి ఎక్కుతూ, పక్కకు తిరుగుతూ, మళ్లీ వెనక్కి వస్తూ. అన్నీ కనపడేలా చిన్నది చేస్తే పెట్టెల పేర్లు కనపడవు, పేర్లు కనపడేలా చేస్తే పెట్టెలన్నీ కనపడవు. పొద్దున ఏ ఆసుపత్రికి ఏ మందు ఎన్ని డబ్బాలు పంపాలో జాబితా తీయడానికి పదకొండు నిమిషాలు తీసుకుంటోంది. డేటా అంతా డిస్కు మీద కాకుండా మెమరీలోనే పెట్టుకునే డేటాబేస్ కదా ఇది. అడిగీ అడగకముందే చెప్పాలి. దానికే ఆయాసం వస్తోందంటే ఈ బొమ్మలో ఏదో తేడా ఉన్నట్టే.

నేనైతే ఈ బొమ్మ మొత్తం తీసేసి స్క్రిప్టుగా, కోడ్ లైన్లలో రాద్దామనుకుంటున్నాను. రెండొందల చిల్లర లైన్లు. పై నుంచి కిందికి చదువుకుంటూ పోవడమే. మన ఫార్మసిస్టు భూతద్దం గారికి చెప్తే ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "నాకు బొమ్మే కావాలమ్మాయ్" అన్నారు. ఫార్మసిస్టుకు మోడల్‌తో ఏం పని చెప్పు?

నీ అభిప్రాయం రాయి. తిట్టాలనిపిస్తే రెండో పేజీలో తిట్టు, మొదటి పేజీ అన్నయ్య కూడా చదువుతాడు.

నీ పిడుగు


కొత్త గోదాము, రేకుల షెడ్డు
శుక్రవారం

పిడుగుకు,

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు. నేను ఊళ్లో లేని నాలుగు నెలల్లో నా కుర్చీ పోయింది, ఇప్పుడు నా బొమ్మ కూడా పోతుందన్నమాట.

కోపం రాలేదు. కాస్త వచ్చింది, టీ తాగాక పోయింది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా. ఆ నూట పన్నెండు పెట్టెలూ నేను ఒక్కోటీ చేత్తో జరిపి పెట్టినవి. ఏ పెట్టె ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్తాను. నీకు గజిబిజిగా కనపడేది నాకు మన వంటింటి అలమరలా ఉంటుంది.

కానీ ఒక్కటి ఆలోచించు. బొమ్మలో మనం ఏం కావాలో మాత్రమే చెప్తాం. ఎలా తేవాలో డేటాబేసే తేల్చుకుంటుంది, అడగని నిలువు వరుసల జోలికి కూడా పోదు. స్క్రిప్టులో ఎలా తేవాలో కూడా నువ్వే చెప్పాలి. నీకు తెలిసినంత మేరకే అది తెలివైనది. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అనుకోకుండా రెండూ పక్కపక్కన పెట్టి చూడు. భూతద్దం గారిని మాత్రం తీసిపారేయకు. ఆవిడ నాకెన్నోసార్లు పరువు నిలబెట్టింది.

ఇక్కడ ఎలా ఉందంటావా. రేకుల కింద మధ్యాహ్నం మాట్లాడితే మన మాట మనకే రెండుసార్లు వినిపిస్తుంది. ఫ్రిజ్ గదొక్కటే చల్లగా ఉంటుంది, అందుకని అందరికీ రోజంతా ఇన్సులిన్ లెక్క చూడాల్సిన పని పడుతోంది. నా గది గోదాము వెనకే. కిటికీ తెరిస్తే అట్టపెట్టెల గుట్ట, మూస్తే అట్టపెట్టెల వాసన.

కొత్త గోదాము పట్టిక లారీతో పాటే పెన్‌డ్రైవులో పంపుతున్నాను. మీ దగ్గరున్న పట్టికా ఇదీ మందు నంబరు చూసుకుని రెండూ కలుపు. అంతే, పెద్ద పనేం కాదు. తర్వాత మిగతాది నీ ఇష్టం, బొమ్మ గీస్తావో కథ రాస్తావో.

మీ అన్నయ్య బనియన్లు తిరగేసి వేసుకుంటున్నాడా, సరిగ్గానే వేసుకుంటున్నాడా రాయి.

మీ వదిన


పాత గోదాము, కంప్యూటర్ గది
మంగళవారం

వదినకు,

తిరగేసే వేసుకుంటున్నాడు. చెప్తే "లోపల ఎవరు చూస్తారు" అంటాడు.

ఐదు వారాలు ఉత్తరం రాయలేదని అలిగావని డ్రైవరు బాబాయి చెప్పాడు. అలగకు. రాస్తూనే ఉన్నాను, నీకు కాదు, డేటాబేసుకు. స్క్రిప్టు అయిపోయింది. రెండొందల ఎనభై లైన్లు. నువ్వు చెప్పినట్టే రెండు పట్టికలూ కలిపాను. జాబితా ఎంతసేపట్లో వచ్చిందో చెప్తే కూర్చున్న చోటు నుంచి లేస్తావు. ముప్ఫై ఐదు సెకన్లు. నీ బొమ్మకు పదకొండు నిమిషాలు. కొట్టాను కదూ.

ఐదు మందులు తీసుకుని పరీక్షించాను. జ్వరం మాత్రలు, సెలైను, ఇన్సులిన్, దగ్గు మందు, కట్టు గుడ్డ. ఐదూ అణాపైసలతో సరిపోయాయి.

గురువారం మేనేజరు గారి ముందు చూపించాలి. భూతద్దం గారు కూడా వస్తున్నారు. ఆవిడ మళ్లీ "బొమ్మ ఏదమ్మాయ్" అంటారు, నేను గడియారం చూపిస్తాను. కొత్త చీర కట్టుకుంటున్నాను, నీదే, అలమరలో పై అరలోది. చెప్పేశాను కాబట్టి దొంగతనం కాదు.

పిడుగు


పాత గోదాము, కంప్యూటర్ గది
గురువారం, మధ్యాహ్నం

వదినా,

నీకు మనసు చల్లబడిందా?

అందరి ముందూ జాబితా తీశాను. ముప్ఫై ఐదు సెకన్లే పట్టింది. మేనేజరు గారు "బాగుందే" అన్నారు. భూతద్దం గారు తెర దగ్గరికి వచ్చి, వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వెళ్లి ఆగారు. "పాము కాటు మందేదీ?" అన్నారు. లేదు. "కుక్క కాటుదేదీ?" అదీ లేదు. ఆవిడ అడుగుతూనే ఉన్నారు, నేను వెతుకుతూనే ఉన్నాను. పాత గోదాములో రెండు వేల మూడొందల రకాలు, కొత్త దాంట్లో పదకొండొందలు. నా జాబితాలో మొత్తం తొమ్మిది వందల నలభై. మిగతావన్నీ గాల్లో కలిసిపోయాయి.

పరీక్షే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నిజంగా ఈ జాబితాతోనే లారీలు కదిలి ఉంటే పాము కరిచినవాళ్లకు మందే అందేది కాదు. మేనేజరు గారు అరవలేదు. అరిచినా బాగుండేది. "పది రోజులు చూద్దాం, అప్పటికీ కాకపోతే ఏం చెయ్యాలో నాకు తెలుసు" అన్నారు.

ఆ "ఏం చెయ్యాలో" ఏమిటో ఇంటికెళ్లి భోజనం చేస్తుంటే తెలిసింది. అన్నయ్య నన్ను ఓదారుస్తూ నోరు జారాడు. "పోనీలే, ఒకందుకు మంచిదే, మీ వదినన్నా ఈ నెలాఖరుకి వచ్చేస్తుంది" అన్నాడు. అని, నాలిక కరుచుకున్నాడు. మెడలు వంచి కూర్చోబెట్టి అడిగాను. నేను నెగ్గితే నువ్వు ఇంకో ఏడాది అక్కడే ఉండాలట. నేను ఓడిపోతే నిన్ను పిలిచి నీ కుర్చీ నీకిచ్చేస్తారట. ఇంట్లో అందరికీ తెలుసు, నాకు తప్ప.

నీ ఉత్తరం మళ్లీ తీసి చూశాను. "మందు నంబరు చూసుకుని రెండూ కలుపు, అంతే, పెద్ద పనేం కాదు." నువ్వు చెప్పినట్టే చేశాను. మందు నంబరు చూసుకునే కలిపాను.

కుర్చీ కావాలంటే నేరుగా అడిగితే సరిపోయేది. లేచి ఇచ్చేసేదాన్ని.

సంతకం చెయ్యాలనిపించడం లేదు.


కొత్త గోదాము, రేకుల షెడ్డు
శనివారం

పిడుగుకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఏడుపొచ్చింది, అది కూడా దాచను. మూడోసారి చదువుతుంటే ఒక ముక్క దగ్గర నవ్వొచ్చింది. నవ్వొచ్చాకే కలం పట్టుకున్నాను, నువ్వు కూడా నవ్వేదాకా చదువు.

నీకు ఈ పని నేర్పింది ఎవరు? మన భోజనాల బల్ల మీద, గిన్నెలు పక్కకు జరిపి, నేనే. నువ్వు ఇంగ్లీషు మాటలకు బెదిరిపోతున్నావని జాయిన్ అనలేదు, యూనియన్ అనలేదు. "పక్కన పెట్టి కలపడం", "కింద పెట్టి కలపడం" అని చెప్పాను. గుర్తుందా, రెండు పెళ్లి జాబితాలు చూపించాను. పిల్లవాడి వైపు వాళ్ల జాబితా, పిల్ల వైపు వాళ్ల జాబితా. అందరికీ శుభలేఖలు పంపాలంటే ఒకదాని కింద ఒకటి పెట్టి కలపాలి. ఇద్దరికీ చుట్టాలు ఎవరో తెలియాలంటే పక్కపక్కన పెట్టి, పేరూ పేరూ సరిచూసి కలపాలి.

నేను ఉత్తరంలో "కలుపు" అన్నాను. "కింద పెట్టి" అనడం మర్చిపోయాను. పైగా "మందు నంబరు చూసుకుని" అని ఒకటి తగిలించాను. ఒకే మందుకు రెండు చోట్లా రెండు నంబర్లు ఉంటాయేమో చూసుకోమని నా ఉద్దేశం. నువ్వు నంబరూ నంబరూ సరిచూసి పక్కపక్కన కలిపావు. రెండు గోదాముల్లోనూ ఉన్న మందులే మిగిలాయి. అంటే పెళ్లికి ఇద్దరికీ చుట్టాలైన వాళ్లను మాత్రమే పిలిచి, పిల్ల మేనమామను బయట నిలబెట్టావు. నువ్వు పరీక్షించిన ఐదు మందులూ రెండు చోట్లా ఉండేవే, అందుకే సరిపోయాయి.

పొలం చేసేవాళ్లకు కలుపు అంటే పీకి పారేసేది. నేను కలుపు అన్నాను, నువ్వు మందుల్ని పీకి పారేశావు. ఇదీ నేను నవ్విన చోటు. ఇలాంటి పొరపాటు లోకంలో మనిద్దరి మధ్య తప్ప ఇంకెక్కడా జరగదు.

తప్పు నాది. చదివేవాళ్లకు ఎదురుగా మనిషి లేనప్పుడు మాట పూర్తిగా రాయాలి. మేనేజరు గారికి అలాగే రాసి ఇదే లారీలో పంపుతున్నాను.

ఇక రెండోది. అవును, నువ్వు ఓడిపోతే నేను వచ్చేస్తాను. నాకు రావాలని ఉంది. పొద్దున లేవగానే క్యాలెండరు చూస్తాను. మీ అన్నయ్యతో ఎదురుగా కూర్చుని దెబ్బలాడి నాలుగు నెలలు దాటింది, ఆరు కూడా కావస్తోంది. ఈ రేకుల కింద ఇంకో ఏడాది అంటే నావల్ల కాదనిపిస్తుంది. నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు కావాలని ఓడిపోతావు. మీ అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే తిక్క. నేను రావడానికి నువ్వు లేబుళ్లు అంటించాలంటే అలా నేను రాను. ఇంత మాత్రం నమ్ము.

మూడోది, ఇది ఇప్పటివరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ బొమ్మ కంటే ముందు నేనూ స్క్రిప్టే రాశాను. నీ కంటే పొగరుగా రాశాను. తర్వాత నాకు ఆపరేషనై పది రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు జాబితా ఆగిపోయింది. నేను రాసింది చదవగలిగే మనిషి గోదాములో ఒక్కరూ లేరు. రెండు రోజులు లారీలు కదల్లేదు. నేను పడుకున్న ఆసుపత్రిలోనే నర్సు వచ్చి, "ఈ ఇంజక్షన్ స్టాకు లేదండీ, గోదాము నుంచి రాలేదు" అని చెప్పింది. మంచం మీద నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని లేచి రాగానే బొమ్మ గీశాను. భూతద్దం గారికి వేలు పెట్టి చూపించుకునేలా గీశాను. ఆవిడకు కోడ్ రాదు, కానీ ఏ మందు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలో ఆవిడ కంటే తెలిసినవాళ్లు లేరు.

అలాగని నా బొమ్మ గొప్పదేం కాదు. గడువు ముందు తీరే డబ్బాలు ముందు పంపాలి కదా. అది బొమ్మలో పెట్టడం నాకు చేతకాలేదు. మొదటి బ్యాచికి, అంటే ఒకే గడువున్న డబ్బాలకు, ఐదు పెట్టెలు, మిగిలితే రెండో బ్యాచికి ఇంకో ఐదు, అలా పన్నెండు బ్యాచుల దాకా గీసుకుంటూ పోయాను. నూట పన్నెండులో అరవై పెట్టెలు అవే. పదకొండు నిమిషాలూ అక్కడే తగలడుతున్నాయి. పదమూడో బ్యాచి ఉంటే అది ఎప్పటికీ గోదాము దాటదు. స్క్రిప్టంటే నాకు మళ్లీ భయం పట్టుకుని, అటు చూడలేదు. ఉన్నమాటంటే ఉలుకెక్కువని, నువ్వు బొమ్మ తీసేస్తానన్నప్పుడు అందుకే ఉలిక్కిపడ్డాను.

నీకు వారం ఉంది. ఏది ఎక్కడ వాడాలో నువ్వే తేల్చు. నేనిక ఏమీ కలపమని చెప్పను.

మీ వదిన

తా.క. ఆ చీర నీకే ఉంచుకో. పరాజయం జరిగిన చీర నాకొద్దు.


పాత గోదాము, కంప్యూటర్ గది
సోమవారం

వదినా,

నవ్వాను. నవ్వాక కంప్యూటర్ గది తలుపు వేసుకుని ఏడ్చాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అన్నయ్య రెండు రోజులుగా నా ముందుకు రావడం లేదు. వాడి మీద కోపం పోయింది. నా మీద నాకే ఉంది.

మేనేజరు గారికి నేను కూడా చీటీ రాశాను, మాట నీదైనా పరీక్ష చేసింది నేనే, తప్పు నాదేనని. ఇప్పుడు ఆయన బల్ల మీద రెండు చీటీలున్నాయి.

పని చాలా ఉంది. తర్వాత రాస్తాను.

పిడుగు


పాత గోదాము, కంప్యూటర్ గది
మంగళవారం

వదినకు,

నెగ్గాను. ముందు అది రాసేస్తే స్థిమితంగా మిగతాది చెప్పొచ్చు.

వారమంతా భూతద్దం గారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. నీ బొమ్మ తీసేయలేదు. ఆ అరవై పెట్టెలు మాత్రం తీసేసి, ఆ చోట ఒకే ఒక్క పెట్టె పెట్టాను. ఆ పెట్టె లోపల స్క్రిప్టు ఉంటుంది. మొత్తం ముప్ఫై రెండు లైన్లు. మందుల్ని గడువు వరుసలో నిలబెట్టి, పై నుంచి కిందికి కూడుకుంటూ వచ్చి, ఆసుపత్రి అడిగినంత నిండగానే ఆగుతుంది. పన్నెండు బ్యాచులైనా ఒకటే, నూటపన్నెండైనా ఒకటే. మొదట ఒక్కో వరుసనీ విడిగా పట్టుకుని తిప్పేలా రాశాను. తలప్రాణం తోకకొచ్చింది, పదకొండు నిమిషాలు కాస్తా పద్నాలుగయ్యాయి. మెమరీ డేటాబేసుకు పని మొత్తం ఒక్కసారే అప్పజెప్పాలి గానీ చెంచాతో పోయకూడదని అప్పుడర్థమైంది. మార్చి రాశాను.

రెండు గోదాముల పట్టికలూ ఈసారి కిందా పైనా పెట్టి కలిపాను. ఆ పెట్టెకు "ఒకదాని కింద ఒకటి" అని పేరు పెట్టాను. పొడుగ్గా ఉన్నా సరే, పేరు పూర్తిగానే ఉండాలన్నాను.

స్క్రిప్టు పెట్టె దగ్గర భూతద్దం గారు ఆగిపోయారు. "ఇది మూసి ఉందే, లోపల ఏం చేస్తుందో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. చెప్పాను. "చెప్తే ఇవాళ నాకు తెలుస్తుంది. రేపు ఇంకొకరొస్తేనో?" అన్నారు. అందుకని పెట్టె మీద ఒక చీటీ అంటించాను, మోడల్లో అలా రాసిపెట్టుకునే వీలుంది కదా. ఆవిడ చెబుతుంటే ఆవిడ మాటల్లోనే రాశాను. "ముందు గడువు తీరేవి ముందు. నెలలోపు గడువున్నవి దూరం ఆసుపత్రులకు పంపొద్దు." ఆ రెండో మాట నేను వినడం అదే మొదటిసారి. నీ బొమ్మలోనూ లేదు, నా స్క్రిప్టులోనూ లేదు. ఇరవై ఏళ్లుగా ఆవిడ పొద్దున్నే వచ్చి జాబితాలో చేత్తో కొట్టేస్తున్నారట. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. లైను ఒకటి పెంచాను, ముప్ఫై మూడయ్యాయి. మిగతా పెట్టెలకూ అలాగే చీటీలు అంటించాను.

నిన్న చూపించాం. రెండు వేల నాలుగొందల అరవై రకాలు, యాభై సెకన్లు. నేను చూపించలేదు, భూతద్దం గారే చూపించారు. తెర మీద వేలు పెట్టి, కింద పెట్టె నుంచి పై పెట్టె దాకా, ఇక్కడిదిలా వస్తుంది, అక్కడిదలా వస్తుంది అని మేనేజరు గారికి పాఠం చెప్పినట్టు చెప్పారు. ఆయన చివరిదాకా విన్నారు. "అంటే బొమ్మా, స్క్రిప్టా, తేల్చి చెప్పండి" అన్నారు. నేను చెప్పాను. దారి అందరూ చూసేలా బొమ్మలో ఉండాలి, బొమ్మకు లొంగని ఒక్క లెక్క స్క్రిప్టులో ఉండాలి, దాని మీద చీటీ ఉండాలి అని.

అప్పుడు మన రెండు చీటీలూ సొరుగులోంచి తీసి బల్ల మీద పెట్టారు. "తప్పు నాదంటే నాదని ఇద్దరు పోట్లాడుకోవడం ఈ గోదాములో ఇదే మొదటిసారి చూస్తున్నా. మామూలుగా ఇక్కడ తప్పు నాదని ఎవరూ ఒప్పుకోరు" అన్నారు. నవ్వారు కూడా. నిజంగా, పళ్లు కనపడ్డాయి.

పర్మినెంటు కాగితం ఇవాళ చేతికొచ్చింది. అన్నయ్య దాన్ని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకుని, మళ్లీ నాకే ఇచ్చాడు.

ఇంకో మాట కూడా అడిగాను మేనేజరు గారిని. అది మాత్రం ఇప్పుడు రాయను. గురువారం లారీలో కాగితం వస్తుంది, అది చూసుకుని సామాను సర్దుకో. నన్ను తిట్టాలనుకుంటే ఈసారి మొదటి పేజీలోనే తిట్టొచ్చు.

పిడుగు


పాత గోదాము, కంప్యూటర్ గది
సోమవారం

పిడుగుకు,

కాగితం వచ్చింది, సామాను సర్దాను, లారీ ఎక్కాను. దారి మధ్యలో ఎదురుగా మన లారీయే ఇంకోటి వచ్చింది. రెండు బళ్లూ హారను కొట్టుకున్నాయి. డ్రైవరు పక్కన కూర్చుని నా చీర కట్టుకున్న మనిషి చెయ్యి ఊపింది. నేను తల బయటపెట్టి పిలిచేలోపే వెళ్లిపోయావు.

ఇంటికి చేరాను. మీ అన్నయ్య తలుపు తీసి నా వెనక చూశాడు. నేను లోపలికి వచ్చాక కూడా ఇంకొకరు రావాలన్నట్టు తలుపు వెయ్యలేదు. ఆరు నెలల తర్వాత వచ్చిన పెళ్లాంతో ఆయన అన్న మొదటి మాట, "అక్కడ దానికి అన్నం దొరుకుతుందా?" దొరుకుతుందని చెప్పాను. తర్వాత ఇద్దరం వంటింట్లో నిలబడి చాలాసేపు మాట్లాడుకున్నాం, సగం నీ గురించే. సంతోషంగా ఉన్నాం. నీ పళ్లెం కూడా అలవాటుగా తీసి బల్ల మీద పెట్టాడు, మళ్లీ లోపల పెట్టేశాడు.

మేనేజరు గారు అంతా చెప్పారు. కొత్త గోదాముకు పర్మినెంటు వాళ్లనే పంపాలట, ట్రయల్లో ఉన్నవాళ్లను పంపకూడదట. అందుకే నువ్వు ఆ కాగితం చేతికి వచ్చేదాకా ఆగి, వచ్చిన నిమిషంలోనే, "నన్ను అక్కడికి పంపండి, వదినను ఇక్కడికి పిలవండి" అన్నావట. ఆయన "నీకు కావలసిన కుర్చీ ఇదే కదమ్మా" అంటే, "మోడల్ ఇద్దరం చదవగలం సార్, అది ఏ కుర్చీలోంచైనా తెరుచుకుంటుంది" అన్నావట. ఏడాది పాటు ఆ రేకుల కింద నువ్వుంటావు, నేను ఇక్కడ నీ అన్నతో దెబ్బలాడుతూ ఉంటాను. నన్నొక్క మాట అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని కాదు. అది తెలిసే అడగలేదు నువ్వు.

పొద్దున కూర్చోగానే మోడల్ తెరిచాను. ఒక్కో పెట్టే చూసుకుంటూ వెళ్లాను. ఎవరూ పక్కన లేరు, ఎవర్నీ అడగాల్సిన పని పడలేదు. నీ స్క్రిప్టు పెట్టె దగ్గర చెయ్యి కాసేపు ఆగింది, పాత భయం. తర్వాత తెరిచి ముప్ఫై మూడు లైన్లూ చదివాను. అన్నీ అర్థమయ్యాయి.

పెట్టె పెట్టెకూ చీటీ అంటించావు, ఏది ఎందుకు చేశావో అందరికీ తెలియాలని. నాకోసం నువ్వు చేసిన పని మీద మాత్రం ఏ చీటీ అంటించలేదు. ఊరు దాటాక ఇంకొకరి నోటి వెంట తెలియాల్సి వచ్చింది. అది నేనే రాస్తున్నాను, పూర్తిగా, మాట మిగలకుండా: మా ఆడపడుచు తన కుర్చీ నాకిచ్చి, నా ఇల్లు నాకిచ్చి, లారీ ఎక్కి వెళ్లిపోయింది.

మీ వదిన